మామిడి టెంకలోని వెన్న: గానుగకు చిక్కని నూనె చరిత్ర

జగిత్యాల జిల్లా సారంగాపూర్ మండలంలో వేసవి అంటే మామిడికాలమే. (నిర్మల్ జిల్లాలోను ఇదే పేరుగల మండలం ఒకటి ఉన్నది, మనం చెప్పుకొనేది జగిత్యాల సారంగాపూర్‌ను గూర్చి.) ఈ ప్రాంతపు తోటల కాయలు జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్టుకు చేరి, అక్కడినుండి లారీలలో ఢిల్లీకి, నాగపూరుకు తరలిపోతాయి. ఊళ్ళో మిగిలిన కాయలతో తొక్కు పెడతారు. తొక్కు పెట్టేనాడు కాయను నడిమికి కొట్టి, లోపలి జీడిని తీసి పారవేస్తారు. పండు తిన్న పిల్లలు టెంకను చీకి చీకి పెంటమీదికి విసరుతారు. తొలకరి వానకు అది మొలకెత్తితే, దానిని పెరికి, రాతిమీద అరగదీసి, పీపీ చేసి ఊదుతారు. టెంకతో మనకు గల సంబంధం సాధారణంగా ఇంతటితో సరి.

అయితే ఈ టెంకలోని జీడినుండి తీసిన క్రొవ్వు నేడు పట్టణాల అంగళ్ళలో చిన్న చిన్న డబ్బీలలో, సీసాలలో అమ్ముడుపోతున్నది. కొందరు దానిని 'మామిడి గింజల నూనె' అంటారు, కొందరు 'మామిడి వెన్న' అంటారు. పెదవుల పగుళ్ళకు, పొడిబారిన చర్మానికి, జుట్టుకు మంచిదని చెబుతారు. ఇది వేల సంవత్సరాల నాటి రహస్యమని, మన పూర్వులు వాడిన నూనె అని ప్రకటించేవారూ ఉన్నారు.

ఈ మాటలో నిజమెంత? మన తాతముత్తాతలు నిజంగా మామిడి జీడినుండి నూనె తీసినారా? తీసినచో ఏ పనిముట్టుతో తీసినారు? తీయనిచో ఈ క్రొవ్వు మనిషి చేతికి ఎప్పుడు, ఎట్లు చిక్కినది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకితే, చరిత్రతోపాటు కొంత రసాయనశాస్త్రం, కొంత ఆరోగ్యశాస్త్రం కూడా మనకు తెలుస్తుంది.

గానుగ చేయగలిగినది, చేయలేనిది

తెలుగుదేశంలో నూనె చరిత్ర అంటే గానుగ చరిత్రే. ఒక పెద్ద రోలు, అందులో తిరిగే రోకలి, దానికి కట్టిన కాడి, ఆ కాడిని లాగుతూ చుట్టూ తిరిగే ఎద్దు: ఇదే గానుగ. గాండ్లవారు, తెలికలవారు తరతరాలుగా దీనితోనే నువ్వులు, ఆముదాలు, వేరుసెనగలు ఆడి ఊరికి నూనె పోసినారు. అడవి ప్రక్క పల్లెలలో ఇప్పగింజలు, కానుగగింజలు, వేపగింజలు కూడా ఆడించేవారు. హైదరాబాదు పరిశోధనశాలలో 1950 నుండి 1971 వరకు నూనెలపై పనిచేసిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు కె.టి. అచయ భారతదేశపు గానుగను గూర్చి 1993లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువరించినాడు. ఆహార చరిత్రకారుడుగా కూడా ఆయన పేరు పొందినాడు.

గానుగలో గింజ నలుగుతుంది, వేడెక్కుతుంది, ఒత్తిడికి నూనె బయటికి కారుతుంది. కాని ఉన్న నూనె అంతా రాదు. ఎంత ఆడినా కొంత చెక్కలోనే మిగిలిపోతుంది. ఎద్దుగానుగ చెక్కలో మిగిలే నూనె నూటికి 10, 12 పాళ్ళ దాకా ఉండవచ్చును. నువ్వులలో నూటికి దాదాపు 50 పాళ్ళు నూనె ఉన్నది. ఇప్పపప్పులో కూడా ఇంచుమించు అంతే. ఆముదపు గింజలలో నూటికి 45 పాళ్ళకు పైమాటే. కనుక చెక్కలో 10 పాళ్ళు పోయినా గాండ్లవానికి నష్టం లేదు. ఆ చెక్క పశువుకో, పొలానికో పనికివస్తుంది.

ఇక మామిడి జీడి సంగతి చూడండి. ఎండిన జీడిలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. క్రొవ్వు నూటికి 8 మొదలు 12 పాళ్ళు మాత్రమే. రకాన్నిబట్టి కొంచెం హెచ్చుతగ్గులు ఉండును. అనగా నువ్వులు ఆడిన తరువాత చెక్కలో మిగిలిపోయే నూనె ఎంతో, మామిడి జీడిలో మొదటినుండి ఉన్న క్రొవ్వే అంత! దీనిని గానుగలో వేస్తే నూనె కారదు. పిండి మాత్రం అవుతుంది.

దీనిని విద్యార్థులు ఇంటివద్దనే పరీక్షించి చూడవచ్చును. ఒక తెల్లకాగితం మడతలో కొన్ని నువ్వులు పెట్టి గుండ్రాయితో నలపండి. కాగితంమీద చమురుమరక వెంటనే కనపడుతుంది. దీపానికి అడ్డంగా పట్టితే ఆ మేర వెలుతురు దూరి వస్తుంది. బాగా ఎండిన మామిడి జీడి పొడిని మరొక కాగితంలో పెట్టి అదేవిధంగా నలపండి. చెప్పుకోదగిన మరక పడదు. గానుగకు ఈ గింజ ఎందుకు లొంగలేదో ఈ రెండు కాగితాలే చెబుతాయి.

కనుక మన పూర్వులు మామిడి నూనెను గానుగాడించి విరివిగా ఒంటికి రాసుకొనేవారనే మాట నమ్మదగినదిగా లేదు. నేడు అంగళ్ళలో అమ్ముడుపోయే క్రొవ్వు ఆధునిక రసాయనశాస్త్రపు బిడ్డ.

పూర్వులు జీడిని ఏమి చేసినారు?

గానుగకు లొంగలేదు కదా అని మన పూర్వులు టెంకను ఎరుగరని అనుకోరాదు. చరకసంహితలో విరేచనాలను కట్టే పది ద్రవ్యాలను ఒక వర్గంగా కూర్చినారు. అందులో 'ఆమ్రాస్థి', అనగా మామిడి టెంక, ఒకటి. దీనికి నేటి శాస్త్రం చెప్పే కారణం సులభమే. మామిడి జీడిలో టానిన్లు అనే వగరు పదార్థాలు దండిగా ఉన్నాయి. జీడిని కొరికితే నోరు పిడచకట్టినట్లగుట వీటివలననే. టానిన్లు మాంసకృత్తులతో కలిసి వాటిని గట్టిపరుస్తాయి. తోలు ఊనుటకు తంగేడు చెక్క వాడుటలోను ఇదే గుణం పనిచేస్తుంది.

జీడికి రెండవ ఉపయోగం ఆకలి. కరవుకాలంలో జొన్నలు, సజ్జలు అయిపోయినప్పుడు పేదలు టెంకలు ఏరి, పగులగొట్టి, జీడిని నానవేసి, నీళ్ళు పారబోసి, వగరు తగ్గిన తరువాత ఎండబెట్టి, దంచి, అంబలి కాచుకొనేవారు. భారతదేశపు ఆర్థికోపయోగ ద్రవ్యాలను గూర్చి జార్జి వాట్ 1889-1893 మధ్య వెలువరించిన పెద్ద నిఘంటువులో మామిడి జీడి కరవుతిండిగా నమోదైనది. 1876-78 నాటి మహాక్షామం దక్కనును ఎంత పీడించినదో చరిత్ర విద్యార్థులకు తెలియును. వాట్ గ్రంథం వెలువడినది ఆ క్షామం ముగిసిన పదునొకండేండ్ల తరువాతనే.

నానవేయుట, నీళ్ళు మార్చుట, ఎండబెట్టుట అనే మూడు పనులను చదువురాని తల్లులే కనిపెట్టినారు. నీటిలో నానితే టానిన్లు చాలావరకు కరగిపోతాయి. ఎండలో ఆరితే బూజు పట్టదు. ఈ మూడవ పనిని గుర్తుంచుకొనవలెను. ఈ వ్యాసం చివర దానితో మనకు చాలా పని ఉన్నది.

క్రొవ్వు బయటపడిన విధం

ఒత్తిడికి రాని నూనెను కరిగించి తీయవచ్చుననే ఆలోచన 19వ శతాబ్దిలో యూరపులో పుట్టినది. మురికిగుడ్డమీది చమురు పెట్రోలుతో పోవును గదా! అట్లే, నూనెను కరిగించుకొనే ద్రావణిని గింజల పొడిలో పోసి, వడకట్టి, ద్రావణిని ఆవిరిచేసి పట్టుకొంటే నూనె అడుగున మిగులుతుంది. ఆ శతాబ్దపు మధ్యభాగంలో ఫ్రాన్సులో ఆలివు చెక్కలో మిగిలిన నూనెను ఈ విధంగా తీయసాగినారు. 1879లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ ఫన్ సాక్స్‌లెట్ ఒక చక్కని గాజుపరికరాన్ని వర్ణించినాడు. ద్రావణి క్రింద మరిగి, పైన చల్లబడి, గింజల పొడిమీద చుక్కలుగా పడి, నిండగానే తనంతట తాను క్రిందికి దిగిపోతుంది, మరల మరుగుతుంది. కొద్ది ద్రావణితోనే గింజను పదేపదే కడిగినట్లగును. కళాశాల ప్రయోగశాలలలో నేటికీ ఈ పరికరం కనబడుతుంది. పది పాళ్ళే క్రొవ్వు ఉన్న మామిడి జీడివంటి గింజలకు ఇటువంటి సాధనమే తగినది.

అంతకుముందే, 1823లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ క్రొవ్వుల స్వరూపాన్ని తేటపరచినాడు. క్రొవ్వు అనగా గ్లిసరిన్, క్రొవ్వు ఆమ్లాలు కలిసిన పదార్థమని, సబ్బు చేయునపుడు ఇవి విడిపోవునని ఆయన చూపినాడు. స్టియరిక్ ఆమ్లం, ఓలియిక్ ఆమ్లం అనే పేర్లు ఆయన పరిశోధనలనుండే వచ్చినవి.

మన దేశంలో ఈ విద్య అవసరం స్వాతంత్ర్యానంతరం హెచ్చినది. సబ్బు చేయుటకు నూనె కావలెను. తినే నూనె సబ్బుకు పోతే వంటకు కొరత. విదేశాలనుండి తెప్పిస్తే డబ్బు కొరత. అందుచేత అడవులలో, గట్లమీద రాలి వృథాగా పోయే వేప, కానుగ, ఇప్ప, సాల, మామిడి గింజలపైకి దృష్టి మరలినది. 1957లో ఏర్పడిన ఖాదీ గ్రామోద్యోగ సంఘం చేపట్టిన పరిశ్రమలలో తినదగని నూనెల పరిశ్రమ, సబ్బుపరిశ్రమ చేరినవి. 1956లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ గిరిజన సహకార సంస్థ అడవి ఉత్పత్తులను గిరిజనులనుండి కొనసాగినది. హైదరాబాదులో 1944లో ఆరంభమైన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనశాల 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగాను, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగాను పేరు మార్చుకొన్నది. నూనెలు, క్రొవ్వులు దాని ముఖ్య పరిశోధనా రంగాలలో ఒకటిగా ఉంటూ వచ్చినవి.

కర్మాగారాలలో ద్రావణిగా ఎక్కువగా వాడేది హెక్సేను. ఇది పెట్రోలియంనుండి వచ్చును. దాదాపు 69 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరిగి ఆవిరైపోవును. తీసిన క్రొవ్వును శుద్ధిచేసి, వాసన తొలగించి అమ్ముతారు. 'చల్లగా పిండినది' అని కొన్ని డబ్బీలమీద వ్రాసి ఉండును. నూటికి పది పాళ్ళే క్రొవ్వు ఉన్న గింజను చల్లగా పిండితే ఎంత వచ్చునో పాఠకులే ఊహించగలరు.

ఎండకు నూనె, చలికి వెన్న

ఈ క్రొవ్వుకు ఇంత గిరాకీ ఏల వచ్చినది? దీని అణువుల అమరిక చూస్తే తెలియును.

మామిడి క్రొవ్వులోని ఆమ్లాలలో స్టియరిక్ నూటికి 40 పాళ్ళ దరిదాపు. ఓలియిక్ 40 మొదలు 45 పాళ్ళు. రెండింటిలోను 18 కర్బన పరమాణువులే ఉన్నాయి. కాని స్టియరిక్ అణువు తిన్నని కర్రవంటిది. కర్రలను మోపుకట్టినట్లు ఇవి దగ్గరగా పేర్చుకొంటాయి. అందుచేత అది 69 డిగ్రీల దాకా కరగదు. ఓలియిక్ అణువు నడుమ వంగిన కర్ర. వంకర కర్రలు మోపులో ఒదగవు. అందుచేత అది 13 డిగ్రీల వద్దనే కరుగుతుంది. మామిడి క్రొవ్వులో చాలా అణువులలో ఒక గ్లిసరిన్‌కు ఇరుప్రక్కల రెండు స్టియరిక్‌లు, నడుమ ఒక ఓలియిక్ ఉన్నాయి. ఇట్లు తిన్ననివి, వంకరవి ఒకే క్రమంలో అమరుటచేత ఈ క్రొవ్వు మామూలు చలికి గట్టిగాను, శరీరపు వేడిమి దరిదాపులలో మెత్తబడి కరిగేదిగాను ఉన్నది.

సారంగాపూర్‌వంటి చోట దీనికి రెండు పేర్లు ఏల ఉన్నవో వేరుగా చెప్పనక్కరలేదు. వైశాఖపు ఎండలో సీసాలో ఉంచితే ఇది నూనె. పుష్యమాసపు చలిలో అదే సీసాలో వెన్న.

ఈ గుణం ప్రపంచంలో మరొక గింజకు ప్రసిద్ధం. అది చాకొలెట్టు చేసే కోకో. కోకో గింజలో సగానికి పైగా క్రొవ్వే. కనుక దానిని మరతో పిండవచ్చును. 1828లో హాలెండులో ఫాన్ హౌటెన్ చేసినది అదే. చాకొలెట్టు చేతిలో గట్టిగా ఉండి నోటిలో కరుగుటకు కారణం కోకో వెన్న. దానికి ధర ఎక్కువ. అందుచేత దానికి పోలికగల క్రొవ్వులకోసం వెదకినవారికి మామిడి జీడి, సాలగింజ దొరకినవి. 2000వ సంవత్సరంలో యూరపు సమాజం చేసిన చాకొలెట్టు నియమాలలో కోకో వెన్నతోపాటు నూటికి 5 పాళ్ళు మించకుండా కలుపదగిన ఆరు వృక్షజన్య క్రొవ్వులను పేర్కొన్నారు. వాటిలో మామిడి జీడి క్రొవ్వు ఒకటి. మన పెంటమీది టెంక ఆ విధంగా చట్టంలోకి ఎక్కినది.

చర్మానికి మేలు ఎంత?

ఇక సౌందర్యం, ఆరోగ్యం సంగతి. మన చర్మపు పైపొరలో చచ్చిన కణాలు ఇటుకలవలె పేర్చి ఉన్నాయి. వాటి నడుమ సున్నంవలె కొన్ని క్రొవ్వులు ఉన్నాయి. ఈ గోడ లోపలి తేమను బయటికి పోకుండా ఆపుతుంది. చలికాలపు పొడిగాలికి, పదేపదే సబ్బు రుద్దుటకు ఈ సున్నం తగ్గి గోడ బీటలు వారుతుంది. అప్పుడు పెదవులు, మడమలు పగులుతాయి, చర్మం తెల్లగా పొట్టు లేస్తుంది. పైన ఏదైనా మంచి క్రొవ్వు రాస్తే బీటలు పూడి తేమ నిలుస్తుంది.

దీనిని బడిలో ఇట్లు చూపవచ్చును. ఒకే బరువుగల రెండు ఆలుగడ్డ ముక్కలు కోయండి. ఒకదానికి అన్ని వైపులా నెయ్యి పట్టించండి. నెయ్యితో సహా దానిని, నెయ్యి లేని రెండవదానిని తూచి నీడలో ఉంచండి. మరునాడు మరల తూచండి. నెయ్యి రాయని ముక్క ముడుతలు పడి ఎక్కువ బరువు కోల్పోయి ఉంటుంది. మామిడి వెన్న చర్మంమీద చేసే పని కూడా ముఖ్యంగా ఇదే.

మామిడి వెన్నకు గల విశేషం, అది చర్మపు వేడికి కరిగి సులభంగా పరచుకొనుట, దానిలో ఓలియిక్‌తోబాటు స్టియరిక్ హెచ్చుగా ఉండుటచేత త్వరగా ముక్కిపోకుండుట. సబ్బులో వేసినచో గట్టి సబ్బు వచ్చును. దీనిలో కొద్దిపాటి విటమిన్ ఇ, వృక్షజన్య స్టెరాలులు కూడా ఉన్నాయి. అయితే రంగు తెలుపు చేయుట, రాలిన జుట్టును మొలిపించుట, ముడుతలను మాపుట వంటి మహిమలను దీనికి అంటగట్టరాదు. పగిలిన మడమకు నువ్వులనూనె, కొబ్బరినూనె, నెయ్యి రాసుకొనే ఇంటి ఇల్లాలు పొందే మేలుకు, డబ్బీలోని మామిడి వెన్న ఇచ్చే మేలుకు జాతిలో భేదం లేదు. హాయిలోను, ధరలోను మాత్రం ఉన్నది.

ఒక జాగ్రత్త చెప్పవలెను. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబపు చెట్లు. మామిడి సొన తగిలితే కొందరికి మూతిచుట్టూ పొక్కులు లేచుట మనం చూస్తూనే ఉంటాము. అట్టివారు మామిడి గింజతో చేసిన దేనినైనా మొదట ముంజేతిపై కొంచెం రాసి, ఒకటి రెండు రోజులు చూచి, ఆ తరువాతనే వాడుట మేలు.

నూరు కిలోల పండ్ల లెక్క

ఇంత విలువగల గింజ సారంగాపూర్‌వంటి ఊళ్ళలో పెంటపాలు ఏల అవుతున్నది? ఒక చిన్న లెక్క వేద్దాము.

నూరు కిలోల పండ్లలో టెంకలు సుమారు 15 కిలోలు. పెంకు ఒలిస్తే పచ్చి జీడి అందులో సగం, అనగా 7, 8 కిలోలు. నీరు పోయి ఎండితే 4 కిలోలు. అందులో క్రొవ్వు నూటికి పది పాళ్ళ చొప్పున 400 గ్రాములు. నూరు కిలోల పండ్లకు అరకిలోకూడ లేదన్నమాట! అది తీయుటకు ద్రావణి కర్మాగారం కావలెను. కర్మాగారం నడువవలెనంటే టన్నులకొద్దీ టెంకలు ఒక్కచోట చేరవలెను.

జగిత్యాల మామిడి ఎక్కువగా పండుగానే ఎల్లలు దాటుతుంది. టెంక ఢిల్లీలోని ఏ ఇంటి చెత్తబుట్టలోనో పడుతుంది. వేల ఇళ్ళలో ఒక్కొక్కటిగా పడిన టెంకలను తిరిగి పోగుచేయుట కష్టం. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి కాయలనుండి రసం తీసి డబ్బాలలో నింపే కర్మాగారాలు ఉన్నాయి. అక్కడ టెంకలు గుట్టలుగా పడతాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవులలో నాటుమామిడి చెట్లక్రింద గిరిజన స్త్రీలు టెంకలు ఏరుతారు. జీడి క్రొవ్వు పరిశ్రమకు ఇటువంటివే ఆధారాలు. సౌందర్యసాధనపు డబ్బీ ఎంత అందంగా ఉన్నా, దాని మొదటి మెట్టు మండుటెండలోనో, వానలోనో నడుము వంచి టెంక ఏరిన చేయి అని మరువరాదు.

ఎండ అనే గీటు

ఇప్పుడు మొదట గుర్తుంచుకొమ్మన్న మాటకు వద్దాము: ఎండబెట్టుట.

పచ్చి జీడిలో దాదాపు సగం నీరే. తేమ ఉన్నంతకాలం అందులోని ఎంజైములు క్రొవ్వును విడగొడుతూ ఉంటాయి; క్రొవ్వు ఆమ్లాలు విడివడి పులిసిన వాసన వస్తుంది. దానివెంట బూజు పట్టుతుంది. కొన్ని బూజులు విషాలను పుట్టిస్తాయి. వాటిలో కొన్ని వంటవేడికి కూడా నశించవు. అట్టి జీడినుండి తీసిన క్రొవ్వుకు ధర రాదు. అట్టి జీడితో కాచిన అంబలి ప్రాణాలమీదికి తెస్తుంది.

ఇది ఊహ కాదు. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకల అంబలి త్రాగిన తరువాత ఇరవైమందికి పైగా గిరిజనులు మరణించినారు. బూజుపట్టిన జీడి తినుటే కారణమని అధికారులు అన్నారు. తినుటకు వేరే గింజలు లేకపోవుటే అసలు కారణమని మరికొందరు అన్నారు. రెండు మాటలూ కలిపి చూడవలెను. ఆకలి లేకుంటే ఆ జీడిని తినవలసిన పని లేదు. జీడి బాగా ఎండి ఉంటే అది విషమయ్యేది కాదు. 2024లో అదే రాష్ట్రంలోని కంధమాల్ జిల్లాలో మరల ఇటువంటి మరణాలు సంభవించినవి. కరవుతిండి కథ వాట్ నిఘంటువుతో ముగియలేదు.

ఇక్కడ ఋతువు కూడా గమనింపదగినది. సారంగాపూర్ తోటలలో కాయ చైత్రవైశాఖాలలో, ఎండలు మండే రోజులలో కోతకు వస్తుంది. అప్పుడు టెంక పగులగొట్టి జీడిని పలుచగా పరచితే బాగా ఎండుతుంది. అడవి మామిడి రాలుట జ్యేష్ఠ ఆషాఢాలదాకా సాగుతుంది; అప్పటికి వానలు పడతాయి. జీడి ఆరక, గుడిసె మూలలో తడిగా నిలువ ఉంటుంది. గింజ ఒకటే, చెట్టు జాతి ఒకటే. ఎండినది ఒక దేశంలో పెదవులకు రాసే వెన్న అయినది. ఎండనిది మరొక ఇంట ప్రాణం తీసినది.

ఉపాధ్యాయులకు ఒక సూచన. మామిడికాలం మన బడులకు సెలవుకాలం. సెలవులకు ముందే పిల్లలకు ఈ పని చెప్పండి. ఇంట్లో తిన్న పది పండ్లను తినకముందు తూచి వ్రాసుకొనవలెను. తరువాత టెంకలను, పచ్చి జీడిని, వారం రోజులు ఎండబెట్టిన జీడిని తూచవలెను. కొన్ని జీడిపలుకులను ఎండలోను, కొన్నిటిని తడిగుడ్డలో చుట్టి నీడలోను ఉంచి, బూజు ఎప్పుడు కనబడినదో తేదీ వేసుకొనవలెను. ఎవరూ రుచి చూడరాదు. బూజుపట్టిన వాటిని ముక్కుదగ్గరకు తీసుకోరాదు. చూచిన పిమ్మట భూమిలో పాతి చేతులు కడుగుకొనవలెను. జూన్‌లో బడి తెరచిననాడు ఆ లెక్కలన్నీ నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి చూడండి. బంగినపల్లికి, హిమాయతుకు, ఊరి నాటుమామిడికి జీడి బరువులో ఎంత భేదమున్నదో సారంగాపూర్ పిల్లలే చెప్పగలుగుతారు.